వరహాలు తోమిన రాతిమూకుడు

వరహాలని ఓ పిల్ల, గంటలపేట కంచరోళ్ళ పిల్ల, పలకలమెట్టకి కోడలుగా వొచ్చిందంట. గంటలపేటంటే మీకు తెలీదులే. అక్కడ ఇంటింటికీ కొలిమే. కంచు పోత పోసేవోళ్ళు, ఇత్తడి బిందెలు సాగ్గొట్టేవోళ్ళు, పాత గిన్నెలకి కళాయి పూసేవోళ్ళు. అలాంటి ఇంట్లో ఆడదాని గొప్పంతా ఎక్కడుంటదంటే తోమటంలో ఉంటది. చింతపండు, ఇటికపొడి, బూడిద, ఈ మూడూ చేతిలో ఉన్నాయంటే బిందెలో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవాల. అప్పుడే తోవినట్టు. పెళ్ళిచూపులకొచ్చినోళ్ళు పిల్ల మొహం తర్వాత చూసేవోళ్ళంట, ముందు వంటింట్లోకెళ్ళి గిన్నెలు చూసేవోళ్ళు. నవ్వకే సుందరీ, ఆ లెక్కన చూస్తే నీకీ జన్మలో పెళ్ళయ్యేది కాదు. వరహాలు గిన్నెలు చూసి పలకలమెట్ట భద్రమ్మ ఏవందంటే, ఇంక పిల్లని చూడక్కర్లేదు, తాంబూలాలు పుచ్చేసుకుందాం అందంట.

భద్రమ్మోళ్ళది రాతిపని. కంచరోళ్ళూ రాతిపనోళ్ళూ ఒక కులవేలే, పిల్లనిచ్చి పుచ్చుకుంటారు. పలకలమెట్ట కొండ మీద మెత్తరాయి దొరుకుద్ది. ఉలి పెడితే బలపంలాగ పొడి రాలుద్ది. దాంతో రాచ్చిప్పలు, మూకుళ్ళు, మూతలు చెక్కి సంతలకి పంపుతారు. భద్రమ్మ మొగుడు పోయాడు, కొడుకు మౌనాచారి ఒక్కడే. మంచోడు, పనోడు. మాట మాత్రం పైసా ఖర్చు పెట్టినట్టు ఆలోచించి ఆలోచించి బైటికి తీస్తాడు. ఆళ్ళింట్లో ఓ రాతిమూకుడుంది. మౌనాచారి ముత్తాత చెక్కింది. లోపలా బైటా నల్లగా, నున్నగా, నేరేడుపండులాగ మెరుస్తా ఉండేదంట. అందులో ఇంత నూనె రాసి, మినప్పిండీ నూకా కలిపిన పిండి పోసి, మూత పెట్టి, కింద నిప్పులు పైన నిప్పులు పెడితే, జానెడు మందాన రొట్టె కాలేది. అడుగు ఎర్రగా కరకర, లోపల దూది. మూకుడు బోర్లిస్తే చాలు, ఎవరో వెనకనించి తోసినట్టు దబ్బున పడిపోయేది. ఒక్క పిసరంటుకునేది కాదంట.

ఆ ఊళ్ళో ఓ పద్ధతుంది. ఇది బాగా ఇనండి, దీని మీదే ఉంది కథంతా. వానాకాలం కొండెక్కరు, రాళ్ళు జారతాయని. వానలు తగ్గాక ఓ మంచిరోజు చూసి అందరూ కొండెక్కుతారు, ఆ రోజు ఉలి పెడతారు. ముందు ఉలి ఎవరు పెడితే ఆళ్ళు ఏడాదిపాటు కొట్టుకునే చోటు ముందు కోరుకోవచ్చు. మిగతావోళ్ళు మిగిలింది తీసుకోవాల. కొండంతా ఒకే రాయి కాదు గదా. ఓ చోట రాయి వెన్నముద్ద, పక్క చోటంతా చారలు. చారలున్న రాయి ఎలాగంటే, నాలుగు రోజులు కూచుని మూకుడు చెక్కుతావు, ఆఖర్న అంచు తీసేటప్పుడు చేతిలో రెండు ముక్కలవుద్ది. ఆ ముందు ఉలి మౌనాచారోళ్ళ ఇంటిది. ఊరికే కాదు. ఆ రోజు పొద్దున్నే కొండ మీద ఆ ఇంటి పాత మూకుట్లో రొట్టె కాల్చి, రాతి మీద ఆకేసి బోర్లించాల. రొట్టె చెక్కుచెదరకుండా పడితే, కొండ కూడా అలాగే రాయినిస్తదని ఆళ్ళ నమ్మకం. ముక్కయినా, అంటుకున్నా, ఆ ఏడు ముందు ఉలి రెండో ఇంటికెళ్ళిపోద్ది. రెండో ఇల్లంటే రుద్రమ్మోళ్ళ ఇల్లు. రుద్రమ్మ ముసలావిడ, ఆవిడ కొడుకు కోటాచారి. ఆడు ప్రతేడూ రొట్టె వంక ఎలా చూసేవోడంటే, ఆ చూపుకే విరిగిపోవాల, అంతిదిగా చూసేవోడు.

అయితే ఏవైందంటే, ఆ ఏడు ఉలి పెట్టే రోజు ఇంక పన్నెండు రోజులుందనగా భద్రమ్మ కూతురికి నొప్పులొస్తన్నాయని కబురొచ్చింది. భద్రమ్మ కోడల్ని పిలిచి చెప్పిందంట, అమ్మాయ్, నేను పురుడు చూసుకుని ఉలి పెట్టే ముందురోజు సాయంత్రానికి దిగుతాను, ఈలోగా పప్పు బాగుచేసి ఉంచు, మూకుడుకి పసుపు రాసి కొత్తగుడ్డలో మూటగట్టి ఉంచు, మూట కట్టింతర్వాత కొండ మీదేగాని ఇప్పకూడదు అని. చెప్పి బండెక్కేసింది. వరహాలు కాపరానికొచ్చి అప్పటికి నాలుగు నెల్లు. అన్నాళ్ళూ ఆ మూకుడు భద్రమ్మ చేత్తోనే కడిగి చేత్తోనే పెట్టుకునేది, ఇంకోళ్ళని ముట్టనిచ్చేది కాదు. ఇప్పుడు పసుపు రాద్దావని పిల్ల మొట్టమొదటిసారి దాన్ని వెలుతుర్లోకి తెచ్చింది. చూసింది. అయ్యో, దేవుడి రొట్టె ఇంత మసిగిన్నెలోనా, మా అత్త పెద్దదైపోయింది, చేతుల్లో సత్తువ లేక తోమలేకపోతుంది గావాల, నేనుండి కూడా ఇలా పంపితే ఊరంతా మా పుట్టింటోళ్ళనే గదా అంటారు అనుకుందంట. చెడు తలంపేం లేదు, పాపం. అదీ ఏడుపు.

తోవింది. రెండ్రోజులు తోవింది. మొదటిరోజు బూడిదతో తోమితే ఏం కదల్లేదు. అప్పుడు ఇటికపొడి, చింతపండు, కొబ్బరిపీచు. ఆ పైన కుంకుడుకాయ రసం పోసి నానబెట్టింది. ఆ మసి ఇయ్యాల్టిదా, నాలుగు తరాలది. అయినా మన పిల్ల గంటలపేట పిల్ల. గోళ్ళరిగిపోయాయంట. రెండోరోజు పొద్దు వాలేసరికి తెల్లటి రాయి బైటికొచ్చింది. అప్పుడే చెక్కి తెచ్చినట్టు, పావురాయి రంగులో. ఎండలో పెట్టి చూసుకుని మురిసిపోయింది. మొగుడొస్తే చూపించింది. మౌనాచారి మూకుడు వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు, కాళ్ళు కడుక్కోడానికెళ్ళిపోయాడు. ఆడికీ తెలీదు మరి, చెక్కటం తెలుసుగాని వండటం తెలుసా.

మర్నాడు పిల్లకో సరదా పుట్టింది. ఇంత శుభ్రంగా తోవిన మూకుట్లో రొట్టె ఎలాగొస్తదో చూద్దావని పిండి రుబ్బి పోసింది. కాలింది. బోర్లించింది. పళ్ళేదు. తట్టింది, పళ్ళేదు. అట్లకాడ పెట్టి గోకితే పైనున్న మెత్తన సగం ఊడొచ్చింది, అడుగు మూకుడు పట్టుకుని ఒదల్లేదు. ఆ ఊడిందే మొగుడికి పెట్టింది. ఆడు నోట్లో పెట్టుకుని నవులుతా నవులుతా ఆగి, కుంకుడుకాయ వాసనొస్తుంది అన్నాడంట. ఇత్తడికి కుంకుడు వాసన పట్టదు, కంచుకి పట్టదు. రాయి తాగుద్ది. రాయి దాహం ఆ పిల్లకెలా తెలుస్తది. అప్పుడు తెలిసిందంట తను తీసేసింది మసి కాదని, నాలుగు తరాల నూనని. మొగుడి ముందు కూచుని ఏడిచింది. అంతా చెప్పింది. మౌనాచారి ఏవన్నాడంటే, అమ్మకి నేను చెప్పను, నువ్వే చెప్పుకో, ఉలి పోతే ఆ చారల రాయే కొట్టుకుందాం, చావం అన్నాడు. నిబ్బరంగానే అన్నాడుగాని, అన్నం మాత్రం సగంలో ఒదిలేసి లెగిశాడు. పిల్ల అది చూసింది.

ఇంక తొమ్మిది రోజులుంది. మరి మామూలోళ్ళు ఏం చేస్తారు? ఊళ్ళో పెద్దోళ్ళనడుగుతారు. అడుగుదావని ఎళ్ళింది. ఇక్కడే ఉంది చూడండి తమాషా. ఊరు ఊరంతా రాతిమూకుళ్ళు చెక్కుద్దా, ఊరంతా అందులోనే వొండుకుంటదా, కానీ కొత్త మూకుడు ఎలా వాడకంలోకి తేవాలో ఒక్క ఆడదానికీ తెలీదంట. ఎందుకంటే ఎవరింట్లో చూసినా అత్త మూకుడు, అత్తకి ఆవిడ అత్త మూకుడు. నల్లదే వొస్తది, నల్లదే పోద్ది. తెల్లరాయి సంతకెళ్ళిపోద్ది. కొనుక్కున్నోళ్ళు ఏం తిప్పలు పడతారో ఈళ్ళకెందుకూ? పిల్ల అలా మాటవరసకడిగినట్టు నాలుగిళ్ళడిగితే, నలుగురూ, మాకేం తెలుసే, మాది పాతది గదా అన్నారు. ఆఖర్నొకావిడ, తెలిస్తే రుద్రమ్మకి తెలియాల, ఆవిడ చిన్నప్పుడు ఆళ్ళ నాయనమ్మ దగ్గర చూసుంటది అందంట.

రుద్రమ్మ. ఆ రెండో ఇల్లు. ఈ రొట్టె విరిగితే ఉలి ఆవిడ కొడుక్కే గదా వొచ్చేది. చెప్తదా? చెప్పినా సరిగ్గా చెప్తదా? చెప్పి ఊరంతా చాటితే? పిల్ల ఓ పూటంతా గుమ్మంలో నిలబడి లోపలికీ బైటికీ తిరిగిందంట. ఆఖరికి కొంగు నడుముకి చెక్కుకుని ఎళ్ళింది. కోటాచారి ఇంట్లో లేడు. ముసలావిడ అరుగు మీద కూచుని చాటలో ఉలవలేరతా ఉంది. పిల్ల దాచలేదు. పెద్దత్తా, మా మూకుడు తోమేశాను, తెల్లగా అయిపోయింది, తొమ్మిది రోజుల్లో రొట్టె పడాల, ఏం చెయ్యను అనడిగేసింది. రుద్రమ్మ ఉలవలేరటం ఆపలేదంట. ఏరతా ఏరతానే, నీకు బుద్ధుందా, ఉలి మాకు రావాలని కోరుకునే ఇంటికొచ్చి అడుగుతావేంటే అంది. ఇంకెవరికీ తెలీదంట పెద్దత్తా అంది పిల్ల. అంతే అందంట. ముసలావిడకి అదెక్కడో తగిలింది. మీరైనా అంతేలే, డెబ్బయ్యేళ్ళొచ్చాక నీకు తప్ప ఇంకెవరికీ తెలీదంటే పగోడికైనా చెప్పేస్తారు. నేనూ అంతే, లేపోతే మీకీ కథలెందుకు చెప్తున్నాను.

రుద్రమ్మ ఏం చెప్పిందంటే, మా నాయనమ్మ ముందు గంజిలో నానేసేది, మూడు పూటలు, ఏ పూటకాపూట చిక్కటి గంజి మార్చేది, రాయిలో చిల్లులుంటాయి కంటికి కనపడనివి, అవన్నీ గంజితో మూసుకుంటాయి, తర్వాత ఆముదం రాసి ఊక పొయ్యి మీద పెట్టేది, ఆ తర్వాతేం చేసేదో నాకు గుర్తులేదు, నేనప్పటికి ఆడుకోడానికెళ్ళిపోయేదాన్ని అంది. మంట మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, రాయికి సెగ మెల్లిగా ఎక్కాల, మెల్లిగా దిగాల, వేడిమూకుట్లో చన్నీళ్ళు పోశావంటే తుపాకీ పేలినట్టు పేలి రెండు చెక్కలవుద్ది అని కూడా చెప్పింది. ఇంక పో, మా ఇంటికొచ్చినట్టు మా వోడికి చెప్పకు, నేనూ చెప్పను అంది.

సరే, గంజిలో నానేసింది. మూడు పూటలు. ఆరబెట్టింది. తర్వాత ఆముదం. ఇక్కడ పిల్లకి ఆత్రం ఎక్కువైంది. ఎక్కువ రాస్తే ఎక్కువ తాగుద్ది గదా అనుకుని సోలెడు ఆముదం పోసి ఊక పొయ్యి మీద పెట్టింది. చల్లారాక చూస్తే ఏవుంది, లోపలంతా బంక. చెయ్యి పెడితే చెయ్యి అంటుకుంటుంది, ఈగ వాలితే ఈగ లెగటం లేదు. మా కోడలు కొన్న నల్లపెనం కూడా అలాగే చేసిందిలే మొన్న. అడక్కండి, లోపలుంది, ఇంటది. ఆ బంకంతా వేణ్ణీళ్ళతో కడిగి, చెక్కతో గీకి, కళ్ళుప్పేసి గుడ్డతో రుద్ది, మళ్ళీ మొదటికొచ్చేసరికి ఇంక అయిదు రోజులుంది. వరహాలు పెరట్లో ఆ మూకుడు ఒళ్ళో పెట్టుకుని కూచుందంట. ఏడుపు కూడా రాలేదంట. మా నాన్న దగ్గరైతే ఏ గిన్నెకేం చెయ్యాలో తెలుసును, ఈ రాయి దగ్గర నాకేం తెలీదే అని అనుకుంటా ఉంటే, ఆళ్ళ నాన్న కళాయి పూయటం గుర్తొచ్చింది.

కళాయెలా పూస్తారో మీరు చూశారా? ఇప్పుడెవరు పూస్తన్నార్లే. గిన్నె కాల్చి, ఇంత తగరం తాకిస్తాడు. గోరంత. వెంటనే దూది పెట్టి తుడిచేస్తాడు. పూసినట్టుండదు, తుడిచేసినట్టే ఉంటది. కొత్తోళ్ళు, ఇదేవిటయ్యా ఉన్నదంతా తుడిచేశావు అనంటారు. ఆ తుడిచెయ్యగా మిగిలిందే కళాయి. అదే పట్టుద్ది, ఎక్కువేస్తే ఉండలు కట్టి ఊడిపోద్ది. పిల్ల లెగిసింది. ఊక పొయ్యి మీద మూకుడు మెల్లిగా కాగనిచ్చింది. గుడ్డపేలిక ఆముదంలో ముంచి పిండేసి, మూకుడంతా తాకించింది. ఇంకో పొడి గుడ్డతో అంతా తుడిచేసింది, అసలు నూనె రాయనట్టే. మళ్ళీ సెగ. పొగ పోయేదాకా ఉంచి, దాని మానాన దాన్ని చల్లారనిచ్చింది. మళ్ళీ కాచింది, తాకించింది, తుడిచింది. రోజుకి నాలుగుసార్లు. మొదటిరోజు పసుప్పచ్చగా తిరిగింది. రెండోరోజు తేనెరంగు. మూడోరోజు చింతగింజ రంగు. నాలుగోరోజు కుంకుడు వాసన చావాలని అందులో ఉల్లిపాయలు నూనెలో ఏపింది, మళ్ళీ ఏపింది, పిండి మాత్రం పొయ్యలేదు. పోసి చూసుకోవాలని ప్రాణం లాగేస్తుందిగాని, పోస్తే ఈ పొర కూడా ఊడొస్తదేవోనని భయం. మౌనాచారి ఊక మోసుకొచ్చి పడేసేవోడంట. పొద్దున్నే ఓ గంప, సాయంత్రం ఓ గంప.

ముందురోజు మధ్యాన్నానికి పసుపు రాసి, కొత్తగుడ్డలో మూట కట్టేసింది. సాయంత్రం భద్రమ్మ దిగింది. మనవడు పుట్టాడంట. ఆవిడ సంబరానికి అంతుందా, ఎలా పుట్టాడు, ఎంతున్నాడు, ఎవరి ముక్కొచ్చింది, అదే ధోరణి. వరహాలు అత్తా అని మూడుసార్లు మొదలెట్టిందంట. మూడుసార్లూ, ఆఁ ఇను, ఇంకా ఉంది అని భద్రమ్మే అందుకుంది. మూట చూసి, అప్పుడే కట్టేశావా, మా తల్లే అని కోడలి తల నిమిరింది. ఇంక ఆ పిల్ల ఏం చెప్తది?

తెల్లారింది. అందరూ కొండెక్కారు. భద్రమ్మ రాయి మీద కూచుని మూటిప్పింది. ఇప్పగానే చెయ్యాగిపోయింది. నల్లటి మూకుడు కట్టమంటే చింతగింజ రంగు మూకుడుంది. కోడలి వంక చూసింది. కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. చుట్టూ ఊరుంది. భద్రమ్మ గట్టి మనిషి, ఒక్క ముక్క అడగలేదు. నూనె రాసి, పిండి పోసి, మూత పెట్టి, పైన నిప్పులు సర్దింది. రొట్టె కాలేదాకా ఎవరూ మాటాడకూడదు, అది ఆనవాయితీ. వరహాలుకి ఆ గంట ఓ ఏడాది. తర్వాత మేస్త్రీ సోమలింగాచారి, ఊరికి పెద్ద, ఇంక కానీండమ్మా అన్నాడు. ఆకేశారు. భద్రమ్మ గుడ్డపీలికలతో రెండు చెవులూ పట్టుకుని మూకుడు బోర్లించింది. పళ్ళేదు. కోటాచారి ఓ అడుగు ముందుకేశాడు. భద్రమ్మ మూకుడు వీపు మీద అరచేత్తో ఒక్కసారి తట్టింది. దబ్బున పడింది. మొత్తం పడింది. అంచుతో సహా, గుండ్రంగా, ఆకు మీద ఆవిరి కక్కుకుంటా.

అందరూ హమ్మయ్య అనుకున్నారు. కోటాచారి అనుకోలేదు. ఆడు ఒంగి రొట్టె అడుగు చూశాడు. ప్రతేడూ ఎర్రగా ఇటికలాగుండే అడుగు, ఈ ఏడు పాలిపోయుంది. మూకుడు చూశాడు. చూసి, మేస్త్రీగారూ, ఇది పాత మూకుడు కాదు, ఈళ్ళు కొత్తది చెక్కి రంగేసి తెచ్చారు, ముత్తాత మూకుడు పగలగొట్టుకుని మన కళ్ళకి గంతలు కడుతున్నారు, పాత మూకుట్లో కాలకపోతే ఉలి లేదు, అది మీ నోటితో మీరే చెప్పండి అన్నాడు. ఊరంతా గగ్గోలెత్తింది. సోమలింగాచారి భద్రమ్మనడిగాడు, అమ్మా, ఇది మీ పాత మూకుడేనని నువ్వు కొండ మీద చెయ్యేసి చెప్తే మాకింకేం అక్కర్లేదు అని. భద్రమ్మ ఎలా చెప్తది? పన్నెండు రోజులు ఊళ్ళో లేదు. కొడుకు చూస్తే మూకుళ్ళు చెక్కేవోడు. ఏవో, పిల్ల పగలగొట్టిందేవో, ఆడు కొత్తది చెక్కాడేవో, ఆవిడకే తెలీదు. కొండ మీద అబద్ధవాడితే కొండ మీద పడదూ? వరహాలు రుద్రమ్మ వంక చూసింది. రుద్రమ్మకి అంతా తెలుసు గదా. రుద్రమ్మ తలొంచుకుని కాలి వేలితో నేల గీస్తా ఉంది. కొడుకు మీద చెప్పలేదు పాపం, ఏ తల్లి చెప్తది.

అప్పుడు వరహాలే ముందుకొచ్చింది. కొంగు భుజాల మీదుగా కప్పుకుని, మేస్త్రీగారూ, మూకుడు పాతదే, నేనే తోమేశాను అంది. మా పుట్టింట్లో నల్లగిన్నెంటే తప్పు, అందుకని ఇటికపొడేసి నాలుగు తరాల నూనంతా గీకేశాను, మళ్ళీ నేనే ఎక్కించుకున్నాను, మా అత్తకి తెలీదు, ఆవిడదేం తప్పు లేదు, రాత్రి చెప్పాల్సింది, చెప్పలేకపోయాను అంది. ఆపకుండా చెప్పింది. కోటాచారి నవ్వాడు. ఆ నలుపు తోమితే పోయేదేనా, పోయిందే అనుకో, పది రోజుల్లో మళ్ళీ ఎవరెక్కించగలరు, ఈ ఊళ్ళో ఏ ఆడదానికైనా తెలుసా ఆ పని, మీరే అడగండి అన్నాడు. అడిగారు. ఒక్కరికీ తెలీదు. మరి తెలీదు గదా. నిజం చెప్పినా నమ్మేవోళ్ళు లేరనుకో.

ఈ గొడవలో భద్రమ్మ మూకుడు ఒళ్ళోకి తీసుకుని, ఎడంచేతి వైపు చెవి కింద బొటనేలు పెట్టి తడువుతుందంట. తడివింది, ఆగింది. మళ్ళీ తడివింది. ఆవిడ కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. లెగిసి నిలబడి చెయ్యి కొండకి ఆనించింది. ఇది మా మూకుడే, ఈ చెవి కింద పెచ్చూడింది చూడండి, ఇది నా చేత్తో నేను పడేసుకుంటే ఊడింది అంది. కాపరానికొచ్చిన మూడో నెల్లో. మా అత్తంటే భయవేసి సున్నంలో బెల్లం నూరి, మసి కలిపి పూడ్చేశాను, గిన్నె కింద పడిన చప్పుడేంటే అనడిగితే పిల్లి తోసింది అని చెప్పాను, ముప్పయ్యారేళ్ళయింది, నా మొగుడిక్కూడా చెప్పలేదు, ఈ పిల్ల తోమితే ఆ సున్నం ఊడిపోయి బైటపడింది అంది. వరహాలు తెల్లబోయి చూసి, అత్తా, అది కూడా నేనే పగలగొట్టాననుకున్నాను అందంట. సోమలింగాచారొచ్చి ఏలు పెట్టి చూశాడు. పెచ్చు అంచులు పాతబడి నునుపుతేలున్నాయి, సున్నం ముక్క ఇంకా ఇరుక్కునుంది. రాతిపనోడి ఏలికి అబద్ధం చెప్పలేం.

అంతలో ఎనకనించి ఎవరో నవ్వుతున్నారు. చూస్తే రుద్రమ్మ. పొట్ట పట్టుకుని నవ్వుతుంది. ఓసి భద్రీ, ఆ పిల్లిని మీ అత్త తరిమేస్తే అదొచ్చి మా ఇంట్లో చేరింది, మూకుళ్ళు తోసే పిల్లి అని నేను తొమ్మిదేళ్ళు దాని ముందు గిన్నె పెట్టలేదే, అరిటాకులో పోశాను పాలు అంది. అని, నవ్వాపుకుని, కళ్ళు తుడుచుకుని, కొడుకు వైపు చూసింది. ఇంక ఊరుకోరా, ఆ పిల్ల చెప్పింది నిజం, గంజి సంగతి నా దగ్గరకొచ్చి అడిగి ఎళ్ళింది, గంజి దాకానే నాకు తెలుసు, మిగతాది తనే పట్టుకుంది అంది. కోటాచారి తల్లి మొహం చూసి, రొట్టెన్నా పెట్టండి ఆకలేస్తుంది అన్నాడు. ఉలి మౌనాచారి పెట్టాడు. ఎక్కడ పెట్టాడంటే, వెన్నముద్దలాంటి చోటే పెట్టాడు, పక్కన కోటాచారికీ ఓ బారెడు ఒదిలిపెట్టాడంట. ఎందుకొదిలావని ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పేవోడు కాదు.

కొండ దిగేటప్పుడు అత్తాకోడళ్ళు ఎనకబడ్డారు. మూకుడు కోడలి నెత్తి మీదుంది. కోడలు తిట్లకోసం చూస్తుంది. సగం దారిలో భద్రమ్మ ఓ రాయి మీద కూలబడి ఏవందంటే, ముప్పయ్యారేళ్ళు మోశానే నేను ఆ పెచ్చుని, కడిగేటప్పుడల్లా నీ చేతిలో పెట్టకపోవటం ఎందుకనుకున్నావు, నీ ఏలు ఆ సున్నానికి తగుల్తదేవోనని, నువ్వు పది రోజులు కూడా మొయ్యలేకపోయావు, అందరి ముందూ దించేశావు, నాకంటే మంచిదానివే అంది. వరహాలు ఆవిడ పక్కన కూలబడి ఏడిచిందంట, ఆ రోజు పెరట్లో రాని ఏడుపు అప్పుడొచ్చిందంట. భద్రమ్మ ఏడవనిచ్చి, ఇంక ఇయ్యాల్టినించీ అది నువ్వే కడుక్కో అంది. వేణ్ణీళ్ళు, చెక్క, కళ్ళుప్పు, పొడిగుడ్డ, అంతేగదా అంది కోడలు. ఆఖర్న ఇంత నూనె తాకించి తుడిచెయ్యాలత్తా అని కూడా అంది. అత్తకే చెప్పింది చూడండి, అప్పుడే.

అదండీ జరిగింది. ఆ ఏటినించీ పలకలమెట్ట మూకుళ్ళు తెల్లగా సంతకెళ్ళలేదంట, వరహాలు పెరట్లో ఊక పొయ్యి మీద రంగు తిరిగే ఎళ్ళాయంట. కొన్నోళ్ళు, ఈ ఊరి రాయే వేరు అనేవోళ్ళంట. రాయికేవుంది. సరే, అత్త తప్పు ఒప్పుకుంది, కోడలు ఒప్పుకుంది, రుద్రమ్మ ఒప్పుకుంది, అందర్నీ అందరూ మెచ్చుకుని రొట్టె తిన్నారు, బానే ఉంది. నన్నడిగితే మాత్రం నా కడుపులో బాధంతా ఆ పిల్లి గురించే. చెయ్యని దానికి ఇల్లొదిలి పోయింది, తొమ్మిదేళ్ళు అరిటాకులో పాలు తాగి చచ్చిపోయింది. దానికి మాత్రం తప్పయిందని ఒక్కళ్ళూ చెప్పుకోలేదు.